24 గొంతులు, 10 మైకులు: మా ఊరి క్వయర్ ఎందుకు వినపడలేదు?

ఇవాళ ముందుగా ఒక ఆడియో క్లిప్ వినిపిస్తా. ఇరవై సెకన్లే. ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి.

(ఇక్కడ క్లిప్)

ఎంతమంది పాడుతున్నారనిపించింది? నలుగురా, ఐదుగురా? ఒకబ్బాయి గొంతయితే చెవిలోకి దూరి పాడినట్టుంది. పక్కన తబలా దడదడలాడిపోతోంది. మధ్యలో మైకు ఒకసారి కీచుమని కూసింది కూడా.

నిజానికి ఆ స్టేజీ మీద 24 మంది ఉన్నారు. మూడు వరసలు, వరసకి ఎనిమిది మంది. నెల రోజులు ప్రాక్టీసు చేశారు. మా ఊరు రొంపిచెర్ల, పల్నాడు జిల్లా, నరసరావుపేట దగ్గర. డిసెంబరులో సెమీ క్రిస్మస్ ప్రోగ్రాం. ఆరోజు సౌండ్ చూసింది ఎవరో కాదు, నేనే. బీటెక్ చదివాను, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను, ఇప్పుడు వీడియోలు చేస్తున్నాను, నాకు తెలియని సౌండా అనుకున్నాను.

ఆ వెనక వరసలో ఎడమ చివర మా అమ్మమ్మ ఉంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ గుంపులో పాడుతూనే ఉంది. మర్నాడు పొద్దున ఫోన్లో రికార్డింగ్ వినిపించా. పాట మొత్తం విన్నది. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ విన్నది. అప్పుడు అడిగింది: "ఇందులో మేం ఏమైపోయాం రా?"

నేనేదిరా అని అడగలేదు, చూడండి. మేం అంది. వెనక వరస మొత్తం.

ఆ ప్రశ్నకి సమాధానం వెతుకుతూ పోతే నేను మైకుల చరిత్రలోకి వెళ్ళిపోయాను. మామూలుగా ఇలాంటి టాపిక్‌కి "క్వయర్‌కి బెస్ట్ మైకులు ఐదు" అని వీడియో చేస్తారు. నేను అది చేయట్లేదు. ఎందుకంటే మా ఊళ్ళో జరిగిన తప్పు మైకు కొనడంలో జరిగింది కాదు. మన స్టేజీల మీదకి వచ్చిన మైకు అసలు ఎవరి కోసం పుట్టింది, అక్కడుంది మెలిక.

వంత అంటే ఏంటి?

ముందు ఒక మాట గురించి మాట్లాడుకుందాం. వంత. "వాడు వాళ్ళ బాస్‌కి వంత పాడుతున్నాడు" అంటాం. అంటే భజన చేస్తున్నాడని, సొంత బుర్ర లేదని. తిట్టు కిందే లెక్క.

కానీ వంత అసలు అర్థం అది కాదు. ముందు ఒకరు పాడితే వెనక అందుకుని పాడేవాళ్ళది వంత. బుర్రకథ చూసినవాళ్ళకి తెలుస్తుంది. మధ్యలో కథకుడు, భుజం మీద తంబుర, వేళ్ళకి అందెలు. రెండు పక్కలా ఇద్దరు వంతలు, వాళ్ళ చేతుల్లో గుమ్మెటలు. ఒకాయన హాస్యం చెప్తాడు, ఇంకొకాయన రాజకీయం చెప్తాడు. ఆ ఇద్దరూ లేకపోతే బుర్రకథే లేదు. మన గుంటూరు వైపు పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ గారు ఈ కళని ఎక్కడికో తీసుకెళ్ళారు. మన పల్నాటి యుద్ధాన్ని కూడా ఆయన బుర్రకథగా చెప్పారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. అంత పెద్ద కథకుడికి కూడా రెండు పక్కలా ఇద్దరు కావాలి.

బుర్రకథకి మధ్యలో ఒకే మైకు స్టాండు పెట్టినప్పుడు ఏం జరుగుతుందో ఎప్పుడైనా గమనించారా? కథకుడు మైకు దగ్గరికొచ్చి కథ చెప్తాడు. వంతల పాళ్ళు వచ్చేసరికి ఆయన అర అడుగు వెనక్కి జరుగుతాడు, వాళ్ళిద్దరూ ముందుకి వంగుతారు. మిక్సర్ లేదు, ఫేడర్ లేదు. కాళ్ళే ఫేడర్లు. ఎవరు ఎంత వినపడాలో పాడేవాళ్ళే నిర్ణయించుకుంటున్నారు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

ఇంకా వెనక్కి వెళ్దాం. కారెంపూడిలో కార్తీక మాసంలో పల్నాటి వీరుల తిరునాళ్ళు జరుగుతాయి కదా. 12వ శతాబ్దం యుద్ధం కథని వీరవిద్యావంతులు తరతరాలుగా పాడుకుంటూ వస్తున్నారు. వందల ఏళ్ళు ఇదంతా కరెంటు లేకుండానే నడిచింది. మైకు లేని కాలంలో వాల్యూమ్ పెంచాలంటే దారి ఏంటి? ఇంకొందరు గొంతు కలపడమే. లెక్క చెప్తా. 24 మంది ఒకే స్థాయిలో కలిసి పాడితే ఒక్కరు పాడినదానికంటే దాదాపు 14 డెసిబెల్స్ ఎక్కువ వస్తుంది. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి సుమారు రెట్టింపు అనిపిస్తుంది. అంటే గుంపే ఒక యాంప్లిఫయర్ అన్నమాట.

కొమ్ము ముందు గుంపు పట్టదు

సరే, ఇక రికార్డింగ్ సంగతి. మన దేశంలో గ్రామఫోన్ కంపెనీ తొలి రికార్డింగులు 1902 నవంబరులో కలకత్తాలో జరిగాయి. గౌహర్ జాన్ పాడింది. అప్పుడు మైకు అనేదే లేదు. పెద్ద కొమ్ము ఒకటి ఉండేది, దాంట్లోకి పాడాలి. ఆ గాలి ఒత్తిడికే సూది కదిలి మైనం మీద గీత పడేది. కరెంటు ప్రమేయం లేదు.

ఇలాంటి కొమ్ముకి ఒక్క గొంతు, అదీ గట్టి గొంతు, బాగా సరిపోతుంది. గుంపు సరిపోదు. కొమ్ము మూతి చిన్నది, దాని ముందు కొద్దిమందే నిలబడగలరు. వెనకున్నవాళ్ళ శబ్దం సూదిని కదిలించలేదు. అందుకే తొలి ఇరవై ఏళ్ళ రికార్డుల్లో సోలో గొంతులే ఎక్కువ. పెద్ద క్వయర్ని ఉన్నదున్నట్టు రికార్డు చేయడం దాదాపు అసాధ్యం.

ఇది ఎలా మారింది? 1916లో అమెరికాలో ఎడ్వర్డ్ వెంటి అనే ఇంజనీరు కండెన్సర్ మైకు తయారుచేశాడు. పల్చటి లోహపు పొర, దాని వెనక ఇంకో పలక. శబ్దానికి పొర కదిలితే మధ్యలో ఉన్న విద్యుత్తు మారుతుంది. చాలా సున్నితం. దూరంగా వచ్చే చిన్న శబ్దాన్ని కూడా పట్టుకుంటుంది.

దాంతో 1925లో ఒక రికార్డింగు జరిగింది. నాకు చాలా ఇష్టమైన కథ ఇది. మార్చి 31, న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా హౌస్. అసోసియేటెడ్ గ్లీ క్లబ్స్ అనే బృందం, స్టేజీ మీద సుమారు 850 మంది మగవాళ్ళు. కొలంబియా కంపెనీ రికార్డు చేసింది. ఆఖర్న ఒక క్రిస్మస్ పాట పాడుతుంటే హాల్లో కూర్చున్నవాళ్ళు కూడా గొంతు కలిపారు. ఆ రికార్డు లేబుల్ మీద 4,850 గొంతులు అని వేసి మరీ అమ్మారు. కరెంటు మైకుతో తీసి మార్కెట్లోకి వదిలిన మొట్టమొదటి రికార్డుల్లో అదొకటి.

ఇక్కడ ఆగి ఆలోచించండి. కొత్త టెక్నాలజీ వచ్చింది. దాని గొప్ప చూపించాలి. ఏం ఎంచుకున్నారు? పెద్ద స్టార్ సింగర్ని కాదు, గుంపుని. ఎందుకంటే కొమ్ము చేయలేనిది అదే. 850 మందికి 850 మైకులు పెట్టలేదు సుమండీ. దూరంగా పెట్టి, గాలిలో కలిసిన శబ్దాన్ని కలిసినట్టే పట్టుకున్నారు.

పల్నాడుకి క్వయర్ ఎలా వచ్చింది?

ఇప్పుడు మళ్ళీ మన ఊరికి వద్దాం. పాట, గుంపు మనకి కొత్త కాదు కానీ వరసల్లో నిలబడి పాడే క్వయర్ మన వైపు మిషన్ల ద్వారా వచ్చింది. అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842 జూలైలో గుంటూరు వచ్చాడు. 1849లో పల్నాడులోకి, గురజాలకి వచ్చి పనిచేశాడు. 19వ శతాబ్దం చివరికి ఒంగోలు వైపు నుంచి నరసరావుపేట వైపుకి బాప్టిస్టు మిషన్ విస్తరించింది. స్కూళ్ళు, ఆస్పత్రులు, వాటితో పాటే పాటలు.

వాళ్ళ దేశంలో క్వయర్ అంటే నాలుగు గొంతులు: ఆడవాళ్ళలో పై స్థాయి, కింది స్థాయి, మగవాళ్ళలో పై స్థాయి, కింది స్థాయి. నలుగురూ నాలుగు వేరే వరసలు పాడితే కలిపి ఒక పాట అవుతుంది. కానీ మనవాళ్ళు దాన్ని ఉన్నదున్నట్టు తీసుకోలేదు. పురుషోత్తమ చౌదరి గారని 1803లో పుట్టి 1890 దాకా ఉన్న కవి, క్రైస్తవ కీర్తనలని మన రాగాల్లో, మన తాళాల్లో రాశారు. అందుకే ఇవాళ్టికీ మా ఊళ్ళలో క్వయర్ అంటే ఎలా ఉంటుందంటే: ఒకరు పల్లవి ఎత్తుకుంటారు, మిగతావాళ్ళు అందుకుంటారు. అందరిదీ ఒకటే వరస. పక్కన తబలా, కీబోర్డు. చర్చిలో నిలబడినా సరే, కింద నడిచేది మన వంత పద్ధతే. పేరు మాత్రం క్వయర్.

నాలుగు గొంతుల పద్ధతిని మన దేశపు పాటలతో కలిపినవాళ్ళు కూడా ఉన్నారు. ఎం.బి. శ్రీనివాసన్ గారు. ఆ న్యూయార్క్ రికార్డింగ్ జరిగిన 1925లోనే మన చిత్తూరులో పుట్టారు. మలయాళ సినిమాలకి గొప్ప సంగీతం ఇచ్చారు. 1970ల మొదట్లో మద్రాస్ యూత్ క్వయర్ మొదలుపెట్టి రకరకాల భారతీయ భాషల పాటల్ని గుంపు చేత పాడించారు. సినిమా పాటలో కోరస్ అంటే హీరో వెనక వినపడే చప్పుడు. ఆయన స్టేజీ మీద కోరసే హీరో.

మైకుల వంశవృక్షం

ఇప్పుడు అసలు పాయింట్. మైకుల వంశవృక్షం గీస్తే నాకు రెండు కొమ్మలు కనపడ్డాయి.

మొదటి కొమ్మ, ఒక్క నోటి కోసం పుట్టిన మైకు. మన దేశంలో మైకు జనం మధ్యకి వచ్చింది పాట కోసం కాదు, ఉపన్యాసం కోసం. గాంధీజీ, నెహ్రూ పాత ఫోటోలు చూడండి. ముందున్న మైకు మీద "చికాగో రేడియో" అని పలక కనపడుతుంది. అది చికాగో కంపెనీ కాదు. మోత్వానీ కుటుంబం నడిపిన మన దేశం కంపెనీ. 1930ల నుంచి కాంగ్రెస్ సభలకి మైకులు, లౌడ్‌స్పీకర్లు పెట్టింది వాళ్ళే. లక్ష మంది ముందు ఒక మనిషి మెల్లగా మాట్లాడినా వినపడాలి, అదీ అప్పటి అవసరం. తర్వాత 1940లో ఢిల్లీలో అహూజా మొదలైంది. ఇవాళ ఏ ఊరి మైకు సెట్టులో చూసినా ఆ పేరు ఉండాల్సిందే.

ఈ కొమ్మలోనే 1939లో ష్యూర్ కంపెనీలో బెంజమిన్ బావర్ యూనిడైన్ అనే మైకు చేశాడు. ఎల్విస్ ప్రెస్లీ ఫోటోల్లో కనపడే జాలీ జాలీ మైకు అదే. దాని గొప్ప ఏంటంటే, ముందు నుంచి వచ్చేది వింటుంది, వెనక నుంచి వచ్చేదాన్ని బాగా తగ్గిస్తుంది. అది వినే ప్రాంతాన్ని బొమ్మ గీస్తే హృదయం ఆకారంలో వస్తుంది, అందుకే కార్డియాయిడ్ అంటారు. 1966లో అదే కంపెనీ ఎస్‌ఎం58 తెచ్చింది. ఎస్‌ఎం అంటే స్టూడియో మైక్రోఫోన్. స్టూడియో కోసం చేస్తే ప్రపంచంలోని స్టేజీలన్నీ ఎక్కేసింది. మీ ఊళ్ళో పెళ్ళిలో యాంకర్ పట్టుకునే గుండ్రటి జాలీ తల మైకు ఉంది చూడండి, అది ఎస్‌ఎం58 అయినా అయి ఉంటుంది, లేదా దాని కాపీ అయినా అయి ఉంటుంది. నోటికి రెండంగుళాల దూరంలో పెట్టుకుంటే అద్భుతం. రెండు అడుగులు దూరం జరిగితే ఏమీ లేదు. లోపం కాదది, దాన్ని చేసిందే అందుకు.

రెండో కొమ్మ, దూరం నుంచి వినే మైకు. వెంటి కండెన్సర్‌తో మొదలైంది. 1930ల మొదట్లో హ్యారీ ఓల్సన్ ఆర్‌సీఏలో రిబ్బన్ మైకు చేశాడు. దాంట్లో సన్నటి లోహపు పట్టీ ఉంటుంది, ముందు నుంచీ వెనక నుంచీ రెండు వైపులా వింటుంది. స్టూడియోలో ఒకే మైకుకి అటు కొందరు, ఇటు కొందరు నిలబడి పాడొచ్చు. రేడియో స్టేషన్లలో, సినిమా స్టూడియోల్లో ఈ కొమ్మే రాజ్యం చేసింది. 1948లో విజయవాడ రేడియో స్టేషన్ మొదలయ్యాక మన ఇళ్ళలోకి వచ్చిన బృందగానాలు, 1950ల, 60ల మద్రాసు స్టూడియోల్లో తీసిన సినిమా పాటల కోరస్‌లు, అన్నీ కొద్ది మైకుల ముందు దూరాలు చూసుకుని నిలబడి పాడినవే. 1962లో బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ ఎలక్ట్రెట్ మైకు కనిపెట్టాక ఈ జాతి మైకులు చిన్నవయ్యాయి, చౌకయ్యాయి. కాలర్ మైకులు, పాత ఫోన్లలో మైకులు అవే.

ఇప్పుడు అర్థమైందా? రెండో కొమ్మ రికార్డుల ద్వారా, రేడియో ద్వారా, సినిమా ద్వారా మన చెవుల్లోకి వచ్చింది. కానీ మన స్టేజీ మీదకి రాలేదు. స్టేజీ మీదకి వచ్చింది మొదటి కొమ్మే, అంటే ఉపన్యాసం మైకు, హీరో గొంతు మైకు. మనం రెండో కొమ్మ సౌండు విని పెరిగి, మొదటి కొమ్మ మైకుతో అది రప్పించాలని చూస్తున్నాం. మా అమ్మమ్మ వరస ఆ మధ్యలో పడి మాయమైపోయింది.

నేను చేసిన పొరపాటు, లెక్కలతో

ఇప్పుడు ఆరోజు ఏం చేశానో చెప్తా. సాఫ్ట్‌వేర్‌లో లోడ్ ఎక్కువైతే ఏం చేస్తాం? ఇంకో సర్వర్ పెడతాం. అదే బుర్రతో ఆలోచించి, 24 మందికి 10 మైకులు అద్దెకి తెచ్చాను. కార్డ్‌లెస్ కొన్ని, వైరు ఉన్నవి కొన్ని. ముందు వరస ఎనిమిది మందికీ చేతికిచ్చా. తబలాకి ఒకటి, ముందు ఎత్తుకునే అబ్బాయికి ఒకటి. మైకు సెట్టు బాబాయ్ చూసి, "ఏందబ్బాయ్, ఇన్నెందుకు? కూస్తయ్" అన్నాడు. నేను వినలేదు.

మూడు తప్పులు జరిగాయి.

ఒకటి, దూరం. ఆరుబయట శబ్దం దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ముందు వరస నోటికి మైకు రెండంగుళాలు. అదే మైకుకి వెనక వరస ఆరు అడుగులు. అంటే 36 రెట్లు దూరం. లెక్కేస్తే 31 డెసిబెల్స్ తేడా. అంత తేడాలో వెనకవాళ్ళు ఉన్నా లేనట్టే. వాళ్ళు పాడలేదని కాదు, నేను పెట్టిన అమరికలో వాళ్ళకి చోటు లేదు.

రెండు, కూత. స్పీకర్‌లోంచి వచ్చిన శబ్దం మళ్ళీ మైకులోకి వెళ్ళి, మళ్ళీ స్పీకర్‌లోంచి వచ్చి, ఇలా తిరిగితే కూస్తుంది. కోడ్ రాసేవాళ్ళకి చెప్పాలంటే ఆగని లూప్. ఆన్‌లో ఉన్న మైకులు రెట్టింపైన ప్రతిసారీ కూత రాకుండా పెంచగలిగే సౌండు 3 డెసిబెల్స్ తగ్గిపోతుంది. 10 మైకులంటే ఒక్క మైకుతో పోలిస్తే 10 డెసిబెల్స్ పోయినట్టు. నేను మైకులు పెంచి సౌండు తగ్గించుకున్నా. బాబాయ్ అనుభవంతో చెప్పింది ఇదే.

మూడు, డొల్ల సౌండు. ఒకే గొంతు రెండు మైకుల్లోకి కొంచెం తేడా సమయంలో వెళ్తే రెండూ కలిసేచోట కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక అడుగు తేడా ఉంటే మొదటి దెబ్బ 560 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. అది సరిగ్గా ఆడవాళ్ళ గొంతులు పలికే చోటు. క్లిప్‌లో గొంతులు డబ్బాలోంచి వచ్చినట్టు వినపడింది అందుకే. దీనికొక పాత సూత్రం ఉంది: పాడేవాళ్ళకీ మైకుకీ ఎంత దూరమో, మైకుకీ మైకుకీ మధ్య కనీసం దానికి మూడు రెట్లు ఉండాలి. నేను ఎనిమిది మందికి పక్కపక్కనే ఇచ్చా.

నార్వే చీకటి, రొంపిచెర్ల యాంప్లిఫయర్

తర్వాతి ఏడాది మళ్ళీ చేస్తానన్నా. ఈసారి హైదరాబాదులో ఉన్న ఫ్రెండు దగ్గర రెండు చిన్న కండెన్సర్ మైకులు తెచ్చా. రిహార్సల్ రోజు బాబాయ్ పాత యాంప్లిఫయర్‌కి తగిలించా. చప్పుడు లేదు. వైరు మార్చా. లేదు. "అబ్బాయ్, నీ మైకులు చచ్చిపోయినయ్" అన్నాడు బాబాయ్. పదిమందీ నవ్వారు.

చావలేదు, వాటికి తిండి పెట్టలేదంతే. కండెన్సర్ మైకు పని చేయాలంటే కరెంటు కావాలి. అది మైకు వైరులోంచే వెళ్తుంది, ఫాంటమ్ పవర్ అంటారు, 48 వోల్టులు. 48 ఎందుకు? 1966లో జర్మనీ నాయ్‌మన్ కంపెనీ నార్వే రేడియోకి ట్రాన్సిస్టర్ మైకులు చేసిపెట్టింది. నార్వేలో శీతాకాలం ఎక్కువ చీకటి కదా, ఆ స్టూడియోల్లో ఎమర్జెన్సీ లైట్ల కోసం 48 వోల్టుల లైను ముందే ఉంది. దాంట్లోంచే మైకుకి కూడా ఇచ్చేశారు. అదే ప్రపంచమంతా ప్రమాణం అయిపోయింది. నార్వే చీకటి రొంపిచెర్ల రిహార్సల్‌ని ఆపేసిందన్నమాట. ఉపన్యాసం కోసం చేసిన పాత యాంప్లిఫయర్‌లో ఆ 48 ఉండదు, ఎందుకంటే దాని వంశమే వేరు. నరసరావుపేట నుంచి ఫాంటమ్ ఉన్న చిన్న మిక్సర్ అద్దెకి తెచ్చి మధ్యలో పెడితే మైకులు లేచాయి.

రెండో ఏడాది

ఏం చేశామో చెప్తా, మీ ఊళ్ళో పనికొస్తుంది.

వరసల్ని మెట్లు చేశాం. మధ్య వరస అడుగు ఎత్తు చెక్క బల్లల మీద, వెనక వరస రెండు అడుగుల ఎత్తు మీద. పెద్దవాళ్ళు ఎక్కలేకపోతే అని బల్లలు కదలకుండా కట్టి, ఒక పక్క చిన్న మెట్టు పెట్టాం. వెనకవాళ్ళ నోరు ముందువాళ్ళ తలకి అడ్డం పడకూడదు. మైకు కంటే ముందు చేయాల్సింది ఇదే, దీనికి ఖర్చు కూడా లేదు.

రెండు కండెన్సర్లు స్టాండ్ల మీద, ముందు వరసకి రెండు అడుగుల ముందు, తలలకంటే ఎత్తులో. చూపు వెనక వరస మీదకి. ముందు నోళ్ళకి మూడు అడుగులు, వెనక నోళ్ళకి ఏడు అడుగులు. 31 డెసిబెల్స్ తేడా 7కి వచ్చింది. మైకుల మధ్య తొమ్మిది అడుగులు, మూడు రెట్ల సూత్రం ప్రకారం. ఎత్తుకునే అబ్బాయికి మామూలు చేతి మైకు ఒకటి, పల్లవి అయ్యాక ఆఫ్. తబలాకి మైకు తీసేశా. అది మైకు లేకుండానే ఊరంతా వినపడుతుంది.

స్పీకర్ బాక్సులు స్టేజీకి బాగా ముందుకి జరిపి జనం వైపు తిప్పాం. పాడేవాళ్ళ ముందు స్పీకర్ లేదు. జనరేటర్ని గుడి మలుపు దాకా తీసుకెళ్ళాం, ఎందుకంటే కండెన్సర్‌కి దాని రొద కూడా వినపడుతుంది. గాలికి మైకులకి స్పాంజి తొడుగులు.

ఇందులో ఒక నష్టం ఉంది, అది కూడా చెప్పాలి. దూరం మైకులతో సౌండు ఒక స్థాయి దాటి పెంచలేం. పెంచితే కూస్తుంది. సినిమా పాటలు పెట్టినంత దడదడ రాదు. బాబాయ్‌కి అదే బాధ: "సౌండు సరిపోదబ్బాయ్, నా సెట్టుకి చెడ్డపేరొస్తది." మొదటి పాటకి జనం మాట్లాడుకుంటూనే ఉన్నారు. రెండో పాటకి ముందు కుర్చీలవాళ్ళు వెనక్కి తిరిగి "ష్" అన్నారు. మూడో పాటకి మాటలు ఆగిపోయాయి. బాబాయ్ నా వైపు చూసి ఏమీ అనలేదు. ఆయన అననప్పుడు బాగుందని అర్థం.

నేను మిక్సర్ దగ్గర నిలబడి ఒక సంగతి గమనించా. నేను చేయాల్సిన పనేమీ లేదు. ఒక చోట ముందు వరస గట్టిగా పోతుంటే మధ్య వరసలో ఒకామె చేయి కిందకి ఊపింది, వాళ్ళు తగ్గారు. చేతుల్లో మైకు ఉన్నప్పుడు ఎవరి గొంతు వాళ్ళదే. మైకు దూరంగా ఉంటే పక్కవాళ్ళ గొంతు వినాల్సిందే. బుర్రకథలో కాళ్ళే ఫేడర్లు అన్నా కదా, అదే మళ్ళీ చూశాను. ఎవరు ఎంత వినపడాలో వాళ్ళే తేల్చుకున్నారు.

ఇప్పుడు రెండో క్లిప్.

(ఇక్కడ క్లిప్)

మర్నాడు ఇది కూడా అమ్మమ్మకి వినిపించా. ఈసారి ఫోన్ తనే చెవికి ఆనించుకుంది. పాట సగంలో ఉండగా నవ్వు మొదలైంది. ఏంటమ్మమ్మా అంటే, "ఇదుగో, రెండో చరణం. మీ పక్కింటి పెద్దమ్మ ఒక అక్షరం ముందే ఎత్తుకుంది చూడు. నెల రోజులు చెప్పా దానికి."

నేను మళ్ళీ మళ్ళీ విన్నా. నాకు దొరకలేదు. ఆమెకి మాత్రం దొరికింది. వెనక వరసలో, తన పక్కన నిలబడ్డ మనిషి చేసిన తప్పు.

కింద కామెంట్లలో చెప్పండి, మీకు దొరికిందా? మీ ఊళ్ళో కోలాటం గానీ, భజన గానీ, స్కూలు ప్రార్థన గానీ, గుంపుగా పాడేది ఏదైనా ఉంటే ఈసారి ముందు వరసకి మైకు ఇచ్చే ముందు ఒక్కసారి వెనక వరస దగ్గరికి వెళ్ళి నిలబడి వినండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.